కొండ దారికి రెండు తాళాలు

(వండూర్‌లో జరిగిన మన సిబ్బంది కుటుంబాల కార్తీక వనభోజన కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)

ఉసిరిచెట్టు కింద భోజనం చేయాలన్నది మన ఆచారం. ఇక్కడ చెట్టు దొరక్కపోతే కుండీలో ఉసిరి మొక్క పెట్టి తెచ్చిన మిత్రుడికి ప్రత్యేక ధన్యవాదాలు.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘భార్యాభర్తలుగా అండమాన్‌లో రోడ్డు ప్రయాణం’. పోయిన కార్తీకంలో నేనూ మా ఆవిడా కారులో గుడారం వేసుకుని వండూర్ నుంచి దిగ్లీపూర్ దాకా వెళ్లి వచ్చాం. ఆ వివరాలు చెబితే ఎల్‌ఎఫ్‌సీ మీద ఇక్కడికి వచ్చే బంధువులకు కూడా పనికొస్తాయని వారి ఉద్దేశం. వివరాలు చెబుతాను. వాటితోపాటు ఆ ప్రయాణానికి మేమిద్దరం పెట్టుకున్న ఒక నియమం గురించి కూడా చెబుతాను. నిజానికి నేను చెప్పదలచుకున్నది అదే.

ముందు సెలవు సంగతి. కీలకమైన సీట్లలో పనిచేసేవారు ఏడాదికోసారి కనీసం 10 పనిదినాలు ఏకబిగిన సెలవులో ఉండాలని, అదీ ముందుగా చెప్పకుండా పంపాలని రిజర్వు బ్యాంకు నియమం. ఆ రోజుల్లో ఆఫీసు మెయిల్ చూసుకోవడం తప్ప బ్యాంకు పని ఏదీ ముట్టుకోకూడదు. ఇంట్లో వాళ్లకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు. శాఖ నుంచి ఫోను రాని పది రోజులు! అప్పట్లో నేను ఇక్కడ ఒంటరిగా ఉండేవాణ్ని. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం విశాఖలో చదువుతుంటే, మా ఆవిడ అక్కడే ఉండి స్కూల్లో పాఠాలు చెప్పేది. సెలవు సంగతి తెలియగానే మా అత్తగారు, “మనవరాలిని నేను చూసుకుంటాను, నువ్వు వెళ్లమ్మా” అని కూతుర్ని పంపారు. అలా పధ్నాలుగు నెలల తరువాత మేమిద్దరం వరుసగా మూడు రోజులకు మించి ఒకచోట ఉన్నాం.

వచ్చిన రాత్రే మా ఆవిడ ఒక మాట అంది. “ఏవండీ, మీ స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలుంటాయంటారు కదా. మన ఇంటికి ఒకటేనా? ఆర్డరు మీ పేరుతో వస్తుంది, సామాను నేను సర్దుతాను.”

పిల్లల కోసం చెబుతున్నాను. బ్యాంకులో డబ్బు, బంగారం దాచే గదిని ఒక్కరు తెరవలేరు. ఇద్దరి దగ్గర రెండు వేర్వేరు తాళంచెవులు ఉంటాయి. ఇద్దరూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. దీన్ని జాయింట్ కస్టడీ అంటాం. ఒకరిమీద ఒకరికి అనుమానం ఉండి పెట్టిన ఏర్పాటు కాదిది. భారం ఒక్కరి మీదే పడకుండా ఉండటానికి కూడా.

సరే, ఈ ప్రయాణానికి రెండు తాళాలే పెట్టుకుందామని అనుకున్నాం. ముందుకు వెళ్లాలంటే ఇద్దరూ సరేననాలి. ఆగిపోవడానికి మాత్రం ఒక్కరు వద్దంటే చాలు. ఎందుకు వద్దన్నావని అక్కడికక్కడ అడగకూడదు. రాత్రి గుడారంలో కూర్చున్నాక చెప్పుకోవాలి. ఇంతే నియమం.

ఇక ప్రయాణం. శరదృతువంటే మనకు పుచ్చపువ్వులాంటి వెన్నెల, తేరుకున్న చెరువులు. అండమాన్‌లో శరత్తు రెండు వానల మధ్య సందు. నైరుతి ఋతుపవనాలు వెళ్లీ వెళ్లకముందే ఈశాన్య ఋతుపవనాలు వస్తాయి. పొద్దున ఎండ, మధ్యాహ్నం జల్లు, రాత్రి మళ్లీ నక్షత్రాలు. అడవి ఆకుపచ్చగానే ఉంటుంది. కాబట్టి గుడారం కొనేటప్పుడు అందం చూడకండి, పైకప్పు మీద రెండో పొర ఉందో లేదో చూడండి. రెండో సంగతి, పొద్దు. గడియారం దేశమంతటికీ ఒకటే అయినా సూర్యుడు ఇక్కడ ముందు లేస్తాడు, ముందు వెళ్లిపోతాడు. నవంబరులో సాయంత్రం అయిదింటికల్లా సూర్యాస్తమయం. హైదరాబాదు లెక్కన బయల్దేరితే చీకట్లో చిక్కుకుంటారు.

మొదటి రోజు చాథమ్ దగ్గర కారును ఓడ మీదికి ఎక్కించి, బాంబూఫ్లాట్‌లో దింపి, కొండెక్కాం. ఒకప్పటి మౌంట్ హారియెట్, 2021 అక్టోబరు నుంచి మౌంట్ మణిపూర్. 1891 ఆంగ్లో మణిపురి యుద్ధం తరువాత మహారాజు కులచంద్రను, ఆయన సహచరులను ఇక్కడికి పంపించారు. ఆ గుర్తుగా పేరు మార్చారు. ఎత్తు 400 మీటర్లు కూడా లేదు గాని, పైనుంచి చూస్తే సముద్రం, దీవులు పరిచినట్టు కనిపిస్తాయి.

క్యాష్ కౌంటర్లో పనిచేసిన వాళ్లందరికీ ఈ కొండతో పరిచయం ఉంది. 2001లో వచ్చిన ఎర్రటి 20 రూపాయల నోటు వెనుక కొబ్బరిచెట్లు, సముద్రం, కొండ గుర్తున్నాయా? అది మౌంట్ హారియెట్, పోర్ట్ బ్లెయిర్ దీపస్తంభాల దృశ్యం. ఇప్పటి నోటు మీద ఎల్లోరా ఉంది. ఎన్ని వేల కట్టలు లెక్కపెట్టి ఉంటానో, నోటు తిప్పి బొమ్మ చూసే తీరిక ఉండేది కాదు. మా ఆవిడ పర్సులో అడుగున ఒక పాత నోటు దొరికింది. దాన్ని పట్టుకుని దీపస్తంభం వైపు చాలాసేపు చూసింది.

ఈ కొండకు ఇంకో కథ ఉంది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో సూర్యాస్తమయం చూడటానికి ఇదే కొండెక్కాడు. దిగి హోప్‌టౌన్ జెట్టీకి వచ్చేసరికి చీకటి పడింది. అక్కడ షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. ఆ సంగతి చెప్పగానే మా ఆవిడ, “నాలుగున్నరకల్లా దిగిపోదాం” అంది. ఆ ప్రయాణంలో మొదటి ‘వద్దు’ అదే.

రెండో రోజు వండూర్ వచ్చాం. శ్రీ విజయపురం నుంచి వచ్చేటప్పుడు సిప్పీఘాట్ దగ్గర మీరంతా రోడ్డు పక్కన నీళ్లు చూసే ఉంటారు. అవి ఒకప్పుడు పొలాలు. 2004 డిసెంబరు 26న వచ్చిన భూకంపంలో దక్షిణ అండమాన్ నేల దాదాపు ఒక మీటరు కుంగింది. సునామీ నీరు వెనక్కి వెళ్లినా, కుంగిన పొలాల్లోకి పోటు నీరు రావడం ఆగలేదు. ఈ వండూర్ ఒడ్డున మోడులై పడి ఉన్న పెద్ద చెట్లు కూడా ఆనాటి గుర్తులే. అదే భూకంపం ఉత్తర అండమాన్ పడమటి తీరాన్ని మీటరుకు పైగా పైకి లేపింది. అక్కడ నీటిలో ఉండాల్సిన పగడపు దిబ్బలు గాలికి బయటపడి ఎండిపోయాయి. ఒకే క్షణం, ఒకే దీవుల వరస, ఒక కొసన మునక, ఇంకో కొసన తేలడం. మేము వెళ్లబోయేది ఈ కొస నుంచి ఆ కొసకు.

గుడారం గురించి ఒక సూచన. ఒడ్డు కనిపించింది కదా అని ఎక్కడపడితే అక్కడ వేయకూడదు. అడవికి, పార్కుకు అటవీశాఖ అనుమతి కావాలి. మేము ఇక్కడ ఒక తెలుగువారి పోకతోటలో అడిగి వేసుకున్నాం. వాళ్లది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. కాబట్టి వచ్చీరాని హిందీలో మొదలుపెట్టేముందు ఒకసారి తెలుగులో పలకరించి చూడండి. “ఏ ఊరు బాబూ మీది?” అన్న ప్రశ్న తరువాత మాకు చేపల పులుసు కూడా వచ్చింది. కార్తీకమాసమని మా ఆవిడ ముట్టలేదు. నేను మాత్రం వాళ్ల మనసు నొప్పించలేక తిన్నాను.

మర్నాడు కార్తీక సోమవారం. సముద్రస్నానం చేయాలని మా ఆవిడ తెల్లవారకముందే లేచింది. సముద్రం అద్దంలా ఉంది. అయితే ఒడ్డున మొసళ్లున్నాయన్న హెచ్చరిక బోర్డు ఉంది, అదిగో మీ వెనకున్నలాంటిదే. ఇవి ఉప్పునీటి మొసళ్లు. మడ అడవుల్లోని పాయల నుంచి సముద్రంలోకీ వస్తాయి. నేను వద్దన్నాను. ఏడాదికి ఒక్కసారి దొరికే స్నానం, అంతదూరం వచ్చింది. ఆమె ఒక్క మాట అనకుండా తిరిగి వచ్చి బావి దగ్గర రెండు చెంబులు పోసుకుని దీపం పెట్టుకుంది. నియమం తనమీద పనిచేసినప్పుడు కూడా పాటించింది. అది మనసులో పెట్టుకోండి, ముందు ముందు అవసరం వస్తుంది.

ఈ ఊరి నుంచే మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కుకు పడవలు వెళ్తాయి. 1983లో ఏర్పడింది. 15 దీవులు, 281.5 చదరపు కిలోమీటర్లు. పగడాలకు విశ్రాంతి కావాలని జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులను ఏడాదిలో వంతులవారీగా తెరుస్తారు. ప్లాస్టిక్ సంచులు, సీసాలు తీసుకెళ్లనివ్వరు. ఉద్యోగికి నిర్బంధ సెలవు ఇచ్చినట్టు దీవికి కూడా ఇస్తున్నారన్నమాట.

తరువాతిది అసలైన రోడ్డు. అండమాన్ ట్రంక్ రోడ్డు దక్షిణం నుంచి దిగ్లీపూర్ దాకా సుమారు 330 కిలోమీటర్లు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బండ్లన్నీ ఆగి, నిర్ణీత సమయానికి కాన్వాయ్‌గా కదలాలి. మొదటి కాన్వాయ్ అందుకోవాలంటే అర్ధరాత్రి దాటాక లేవాల్సిందే. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా సుమారు 50 కిలోమీటర్లు జరావాల రక్షిత ప్రాంతం. ఆగకూడదు. ఫొటోలు తీయకూడదు. తినుబండారాలు, బట్టలు, ఏదీ ఇవ్వకూడదు. ఆదిమ తెగల రక్షణకు 1956 నుంచే చట్టం ఉంది. బయటి మనిషి జలుబు కూడా వాళ్లకు ప్రాణాంతకం కావచ్చు. ఫోను సంచిలో పెట్టి జిప్పు వేయమంది మా ఆవిడ. “ఈ దారికి మూడో తాళం కూడా ఉంది. అది లోపల ఉండేవాళ్లది” అంది. ఎవరైనా కనిపించారా అని చాలామంది అడుగుతారు. అద్దం బయటికి తొంగిచూస్తూ వెళ్లలేదు కాబట్టి చెప్పలేను.

మిడిల్ స్ట్రెయిట్‌లో మళ్లీ ఓడ మీద కారు దాటించి బారాటాంగ్ చేరాం. మడ అడవుల మధ్య పడవలో వెళ్తే సున్నపురాతి గుహలు, ఇంకోవైపు బురద అగ్నిపర్వతం. అక్కడి నుంచి ఆజాద్ హింద్ ఫౌజ్ సేతు, రంగత్, మాయాబందర్. మాయాబందర్ దగ్గర వెబీ అనే ఊళ్లో 1925లో బర్మా నుంచి వచ్చిన కరెన్ జాతివారి సంతతి ఉంది. చెంగప్ప వంతెన దాటితే ఉత్తర అండమాన్. దేశ విభజన తరువాత వచ్చి స్థిరపడిన బెంగాలీ కుటుంబాలు ఎక్కువ కాబట్టి దిగ్లీపూర్ వైపు వరిచేలు, చేపల చెరువులు చూస్తే గోదావరి జిల్లాలో ఉన్నామా అనిపిస్తుంది.

డబ్బు గురించి బ్యాంకువాడిగా ఒక మాట. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక ఇక్కడ డిజిటల్ చెల్లింపులు బాగా మెరుగుపడ్డాయి. అయినా అడవి దారిలో సిగ్నల్ ఉండదు. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి. పెట్రోలు బంకు కనబడ్డప్పుడే ట్యాంకు నింపండి, ‘తరువాతి ఊళ్లో చూద్దాం’ అనకండి.

దిగ్లీపూర్ దగ్గర కాలీపూర్ ఒడ్డున ఒక లాడ్జి ఆవరణలో గుడారం వేశాం. నాలుగు జాతుల సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమది. వాటి కాలం ఇంకా రాలేదు. అయినా రాత్రి ఒడ్డు మీద లైట్లు వేయకపోవడం మంచిది. అక్కడి నుంచి చూస్తే శాడిల్ పీక్. 732 మీటర్లు, ఈ దీవులన్నిటిలోకి ఎత్తైన శిఖరం. కల్పాంగ్ నది పుట్టేది కూడా ఈ కొండల్లోనే. అటవీశాఖ అనుమతితో లామియా బే నుంచి కాలిబాట. వెళ్లడానికి సుమారు 8 కిలోమీటర్లు, రావడానికి అంతే. మొదట ఒడ్డు వెంట చదునుగా ఉండి, తరువాత అడవిలోకి నిటారుగా ఎక్కుతుంది.

పొద్దున్నే గైడుతో బయల్దేరాం. చేతి సంచిలో నీళ్లు, చపాతీలు, జలగల కోసం ఉప్పు. సగానికి పైగా ఎక్కాక జల్లు మొదలైంది. వేళ్లు, రాళ్లు జారుడుగా అయ్యాయి. గైడు, “వెళ్లొచ్చు, నెమ్మదిగా” అన్నాడు. శిఖరం ఇంకా గంటన్నర దూరం. మా ఆవిడ ఒక చెట్టు మొదట్లో ఆగి, “వద్దండీ” అంది.

ఎంబీఏలో మాకొక పాఠం ఉండేది. ఇప్పటికే పెట్టేసిన ఖర్చు తిరిగి రాదు కాబట్టి, తరువాతి నిర్ణయానికి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని. మొండిబాకీ ఖాతాకు మళ్లీ అప్పు ఇచ్చేవాళ్లకు మనం చెప్పేదీ ఇదే. పరీక్షలో రాయడం సులువే. మూడు వందల కిలోమీటర్లు వచ్చి, మూడు గంటలు కొండెక్కి, శిఖరం కింద నిలబడి ఆ పాఠం ఒప్పుకోవడం వేరు. నా కాళ్లు పైకే చూస్తున్నాయి. వండూర్ బావి దగ్గర రెండు చెంబుల నీళ్లు గుర్తొచ్చాయి. వెనక్కి తిరిగాం. దిగేటప్పుడు ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. అది ప్రేమ కంటే ఎక్కువగా జారుడు వల్ల అని గైడుకు తెలుసు.

రాత్రి గుడారంలో కారణం అడిగాను. మోకాళ్ల నొప్పి అంటుందనుకున్నాను. “గంట నుంచి మీరు మాట్లాడటం లేదు” అంది. “ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పే మనిషి ఆయాసంతో నోరు మూసుకున్నారంటే, దిగడానికి శక్తి మిగలదు. బీపీ మాత్ర వేసుకుని ఎక్కారు. నాకు శిఖరం ఎందుకు?”

పధ్నాలుగు నెలలు వీడియో కాల్‌లో రోజూ చూసుకున్నాం. ఆ మాట ఫోన్‌లో తెలిసేది కాదు. పక్కన నడుస్తున్న మనిషికే తెలుస్తుంది.

తిరుగు ప్రయాణంలో మళ్లీ ఇదే వండూర్, అదే పోకతోట. చివరి రాత్రి. అప్పుడు అసలు విషయం వచ్చింది. స్కేల్-3 నుంచి స్కేల్-4 ప్రమోషన్‌కు సమ్మతి తెలియజేయడానికి ఆ వారమే గడువు. ఆఫీసు మెయిల్‌లో పత్రం వచ్చి ఉంది. ప్రమోషన్ అంటే మళ్లీ బదిలీ, ఏ రాష్ట్రమో తెలియదు. నేను సరేనన్నాను. మా ఆవిడ, “ఈ ఏడాదికి వద్దు” అంది. ఇది రాత్రే కాబట్టి కారణం వెంటనే అడగొచ్చు, అడిగాను.

“మార్చిలో పాపకు పరీక్షలు, మేలో ఎంట్రన్సు. ఏప్రిల్లో మీరు కొత్త ఊళ్లో సామాను దింపుకుంటూ ఉంటారు. పాప హాస్టల్‌కు వెళ్తుంది. అప్పటికి మనకు మూడు ఊళ్లలో మూడు కాపురాలు. మళ్లీ ఇద్దరం ఒకచోట ఎప్పుడు ఉంటాం? ఈ ఏడాది ఆగండి. పాప కాలేజీలో చేరగానే నేను సెలవు పెట్టి ఇక్కడికి వస్తాను. ఆ తాళం నేను తీస్తాను.”

ఇది చిన్న విషయం కాదు. మనలో చాలామందికి తెలుసు. వచ్చే ఏడాది ఎన్ని ఖాళీలుంటాయో ఎవరూ చెప్పలేరు. సీనియారిటీ జాబితాలో ఒక్క ఏడాది తేడా పదవీ విరమణ దాకా వెంట వస్తుంది. ఆ రాత్రి వాన పడుతోంది, గుడారం పైకప్పు మీద పోకాకుల నుంచి నీళ్లు జారుతున్నాయి. చాలాసేపు మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. తెల్లవారాక జెట్టీ దగ్గర సిగ్నల్ దొరికితే ‘ఈ ఏడాదికి సమ్మతి లేదు’ అని మెయిల్ పెట్టాను. నా బ్యాచ్ మిత్రులు ఇద్దరు ఈ ఏడాది స్కేల్-4 అయ్యారు. వారికి ఈ వేదిక మీద నుంచి మనస్ఫూర్తిగా అభినందనలు. ఆ జాబితా చూసినప్పుడు కాస్త చురుక్కుమన్న మాట నిజం. ఆ చురుకును కూడా ఇద్దరం పంచుకున్నాం, ఎందుకంటే నిర్ణయం ఇద్దరిదీ.

ఇలా ఆగమని మీ అందరికీ చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇంకో ఇంట్లో అదే పరిస్థితికి వెళ్లడమే సరైన సమాధానం కావచ్చు. వచ్చే ఏడాది మా ఇంట్లోనూ అదే కావచ్చు. సమాధానం ఏదైనా, తాళాలు రెండు ఉండాలన్నదే నా మాట. బదిలీ ఆర్డరులో ఒకరి పేరే ఉంటుంది. ఊరు మారేది మాత్రం ఇల్లంతా.

చివరగా సూచనలు, నిర్వాహకులు లిస్టు అడిగారు కాబట్టి. వాన పొర ఉన్న గుడారం. రోజుకు ఒకే ఊరు. కాన్వాయ్, ఓడల వేళలు ముందురోజే కనుక్కోవడం. నాలుగున్నరకల్లా కొండ దిగడం. చిల్లర నోట్లు, నిండు ట్యాంకు. నీళ్లకు స్టీలు సీసా. ఉప్పు పొట్లం. హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్లలోకి దిగకపోవడం, పిల్లలూ, ఇది ఇప్పుడు మీకు. వీటన్నిటికంటే ముందు, ఎవరు వద్దన్నా ఆగుతామని ఇంటి దగ్గరే ఒప్పుకుని బయల్దేరడం.

మా ఆవిడ జూన్‌లో వచ్చేసింది. మూడో వరసలో కూర్చుని, పదిహేను నిమిషాలు దాటిందని చేత్తో చూపిస్తోంది. ఒక్కరు వద్దంటే ఆగాలి కదా. సెలవు. భోజనానికి లేవండి.